ఖాళీగా వదిలిన అరవై రాత్రులు

"మిషన్ ఖరాబయిందని రాసెయ్. ఎవడొచ్చి సూస్తడు?" అన్నడు ప్రభాకర్, పళ్లెంల చెయ్యి కడుక్కుంట. నా మొగనికి అది చిన్న మాట. నా బుద్ధి గడ్డి తిని, నేను గూడ ఎంగిలి పళ్లెం తీస్కుంటనే సరే అన్న.

సూర్యాపేటల ఓ కాలేజీల ఫిజిక్స్ చెప్త నేను. ఆరేండ్ల సంది పీహెచ్‌డీ చేస్తున్న. మా యూనివర్సిటీ స్టేషన్ల ఓ మిషన్ పావుగంటకోసారి రేడియో తరంగాలను ఆకాశంలకు పంపుతది. మూడువందల కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అని ఓ పొర ఉంటది, అది వాటిని తిప్పి కొడ్తది, తిరిగొచ్చినదాన్ని మిషన్ కాయితం మీద బొమ్మ గీస్తది. ఆ బొమ్మల కట్టలు స్టేషన్ సూసుకునే మత్తయ్య నాకు పార్సిల్ చేస్తడు. పొద్దుగూకినప్పటి సంది తెల్లారేదాంక రాత్రికి నలభై ఎనిమిది బొమ్మలు. ఒక్కోదాని మీద స్కేలు పెట్టి, పొర ఎంత ఎత్తునుందో నేను రాయాలె.

ఎండకాలం ఉరుముల మబ్బు గాలిని ఒక్కసారి మీదికి తోస్తది. ఎగిసిన గాలి బరువుకు దిగుతది, మళ్ల ఎగుస్తది. ఆ ఊగుడే అలలై మీదికి పోతది. గురుత్వ అలలంటరు. పైకి పోయినకొద్ది గాలి పల్చన, అల పెద్దది. ఆఖరికి రాత్రిపూట ఆ పొరనే కలియబెడ్తది. మా అత్త రుక్కమ్మకు ఇది ఓసారి చెప్పిన. గొర్లెంట తిరిగిన మనిషి గదా, "ఒక్క గొర్రె బెదిరితే మందంత ఊగుతది. గంతేనా బిడ్డా?" అన్నది. గంతే. కాలేజీల పిల్లలకన్న జల్ది సమజయింది ఆమెకు. పెన్ను పడితే పొయ్యి మండుతదా అని దెప్పింది గూడ ఈమెనే, అది వేరే సంగతి.

ఈ యేడు, రెండువేల ఆరు ఏప్రిల్ల నా ఆడిబిడ్డ గోపిక కోదాడ నుంచి తొలికాన్పుకొచ్చింది. పుట్టిల్లు పెన్‌పహాడే గని, దవాఖాన దగ్గరుంటదని మా ఇంట్లనే ఉంచిన్రు. బాలింతకు ఎల్లిపాయ కారం, పూటపూటకు వేడి అన్నం, పసిదానికి నీళ్లు, సాంబ్రాణి పొగ, సూడొచ్చినోళ్లకు చాయలు. గోపిక పాపం, కుట్లు పడి లేవలేకపొయ్యేది. నా వల్లనే నీ చదువాగింది వదినా అని ఏడ్చింది గూడ. నాకు ఆమె మీద కోపం లేదు. నీకెట్లాగు కాలేజీ సెలవులే గదా అన్న ప్రభాకర్ మీదనే ఉన్నది. అట్ల అరవై రాత్రుల కట్టలు విప్పకుంటనే బియ్యం డబ్బా ఎనక పడ్డయి. థీసిస్ పట్టికల ఆ అరవై గళ్లు ఖాళీ పెట్టి, కింద "మిషన్ పనిచేయలేదు" అని రాసి పంపిన.

మొన్న ఆదివారం చింతపండు పిసుకుతుంటే మా గైడ్ వీరేశం సార్ ఫోన్ చేసిండు. ఉరుముల రాత్రులు అవేనట, అవి లేకుంటే థీసిస్‌ల పస లేదట. ఒక్క రాత్రి గూడ మిషన్ ఆగలేదని మత్తయ్య ఒట్టు పెట్టుకుంటున్నడట, అబద్ధమాడుతున్నడని ఆయనకు సార్ మెమో ఇప్పిస్తున్నడట.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న ప్రభాకర్, ఊకో, మెమోకే సావడులే అని గుసగుసలాడిండు. ఆరేండ్లు ఒక్క పార్సిల్ గూడ తప్పకుంట పంపిన మనిషికి నేను దొంగపేరు పెట్టాల్నా?

"మిషన్ ఆగలే సార్," అన్న. "కట్టలన్ని మా ఇంట్లనే ఉన్నయి. బాలింత పనిల నాకు తీరలే. అబద్ధం రాసింది నేను."

డిసెంబర్‌తోని నా థీసిస్ గడువు ఖతం అయితదన్నడు సార్. ఆ రాత్రులు చదివి తెస్తే తెమ్మన్నడు, లేకుంటే ఇగ రావొద్దన్నడు.

ప్రభాకర్ ఇల్లు లేసిపొయ్యేటట్టు అరిచిండు. ఇంటి పరువు బజార్ల పెట్టిన్నట, బాలింతను సాకుడు గూడ ఒక కారణమా అట.

నేను చేతులు కడుక్కొని, కట్టలన్ని తెచ్చి మంచం మీద పెట్టిన. ఇయ్యాల్టి సంది పొద్దుగూకినంక వంట నాది కాదన్న.

"ఎన్ని పొద్దులు?" అన్నడు.

"అరవై," అన్న. "నీ చెల్లెకు చేసినప్పుడు ఎన్ని పొద్దులని ఎవ్వరడగలే."