నాలుగు గట్ల లెక్క

లెక్క కనబడగానే చేసెయ్యబోయే పిల్లలంటే నందిగామ బడిలో లెక్కల మాస్టారు రామకోటేశ్వరరావుకి ఒళ్లు మంట. "ఇచ్చిన వివరాలు సరిపోతాయా లేదా, ముందు అది చూడండ్రా!" అని బల్ల గుద్దేవారు. పాఠం పిల్లలకే గాని తనకి కాదనుకున్నారో ఏమో.

నైజాం మీద పోలీసు చర్య ముగిసి సరిహద్దు ఊళ్లు తెరిపినపడిన ఏడాది అది. ఓ మధ్యాహ్నం చిల్లకల్లు నుంచి నాగేంద్రమ్మ వచ్చింది. ఆమె భర్త మాస్టారికి చిన్ననాటి స్నేహితుడు, ఈమధ్యే పోయాడు.

"ఆయనా మా మరిదీ కలిసి కొన్న బీడు పంచుకుంటున్నామండీ. రెండు చెక్కలు. తాడేసి కొలిచాం. దీని నాలుగు గట్లూ ఎంతెంతో దానివీ అంతంతే. ఏది కావాలో నన్నే కోరుకోమన్నాడు. రెండూ సమానమేనంటారా?"

మాస్టారు అప్పుడే భోజనానికి లేస్తున్నారు. "గట్లు సమానమైతే చేలూ సమానమేనమ్మా. ఏదైనా ఒకటే," అనేశారు.

ఆవిడ దణ్ణం పెట్టి, బస్సు కోసం సాయంత్రం దాకా బడి అరుగు మీదే కూర్చుంది. తరవాత దారి పక్క చెక్క కోరుకుని, జగ్గయ్యపేటలో రిజిస్ట్రీ చేయించుకుంది.

కొన్నాళ్లకి క్లాసులో ఒకడు, నాలుగు భుజాలే ఇచ్చిన బొమ్మకి వైశాల్యం కట్టేశాడు.

"మూల నుంచి మూలకి కర్ణం ఎంతో తెలీకుండా ఎలా కట్టావురా? వంకరపోయిన మంచానికి పట్టెలు తగ్గుతాయా? మధ్యలో చోటు తగ్గదూ?" అని అరిచి, మాస్టారు అక్కడే ఆగిపోయారు. నాగేంద్రమ్మ ఆ రోజు అరుగు మీద అంతసేపు కూర్చుంది. ఒక్కసారి పిలిచి మూలల సంగతి అడగలేకపోయారు తను.

ఆదివారం చిల్లకల్లు వెళ్లారు. మరిది చెక్క చదరంగా ఉంది. నాగేంద్రమ్మది ఒక పక్కకి ఒరిగి నొక్కుకుపోయి ఉంది. మూల నుంచి మూలకి తాడు వేసి లెక్కకడితే నాలుగో వంతు తక్కువ తేలింది. మరిది అప్పుడే తన చెక్కలో బావి కూడా తవ్వించుకున్నాడు.

"తప్పు నాదమ్మా. మూలలు కూడా కొలుచుకు రమ్మనాల్సింది. ఆకలి మీద నోటికొచ్చింది చెప్పేశాను." సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయారు.

నాగేంద్రమ్మ మరిది చెక్క వంక చూసింది.

"నా కంటికి ఆ చెక్కే పెద్దదిగా ఆనిందండీ," అంది. "అదే కోరుకుందామనుకుని వచ్చా ఆ రోజు. మీరు ఒకటేనన్నాక, నా కళ్లదే తప్పనుకున్నా."