నిండా పోసిన గిన్నె

మా ఇళ్ళల్లో టీ పోసేది కోడలే. టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూచుంటుంది. తాగిన గిన్నెలన్నీ ఆమె దగ్గరికే పోతాయి, మళ్ళీ వస్తాయి. ఎవరి గిన్నె ఎవరికొచ్చిందో ఎవరూ చూడరు. అడుగున కొంచెమే పోస్తుంది, మళ్ళీ మళ్ళీ అడగాలని. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం.

మా కోడలు బెర్మెత్ కడుపుతో ఉంటే నారిన్ పట్నం ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. హెపటైటిస్ బి ఉందన్నారు. ఆ సాయంత్రం నా భార్య సైకల్ సమోవార్ తనవైపు లాక్కుంది. అంచు విరిగిన గిన్నె ఒకటి కోడలికి వేరుగా పెట్టి, నిండా పోసింది. బెర్మెత్ గుమ్మం దగ్గర కూచుని తాగింది. మావాడు కుబాత్ తలెత్తలేదు.

అది రక్తంతో అంటేదే గానీ గిన్నెలతో కాదని, బిడ్డ పుట్టగానే టీకా, మందూ వేస్తే చాలావరకు భయం లేదని నర్సు చెప్పింది. సైకల్ వినలేదు. నర్సుకి ఇంకా బొడ్డూడలేదంది.

ఆదివారం బెర్మెత్ పుట్టింటివాళ్ళు వస్తున్నారు. కూతురు గుమ్మం దగ్గర, సమోవార్ అత్త దగ్గర ఉండడం చూస్తే, గొడవ పడరు. కూతుర్ని తీసుకుని వెళ్ళిపోతారు. బెర్మెత్ అప్పటికే బట్టలు మూట కట్టుకుంది.

ఇంట్లో అందరూ పరీక్షకి రక్తం ఇవ్వాలంటే ఇచ్చాం. శనివారం ఫలితాలకి వెళ్తే నర్సు చెప్పింది. నాకూ కుబాత్‌కూ జబ్బూ లేదు, రక్షణా లేదు, టీకాలు వేయించుకోవాలి. సైకల్‌కి జబ్బు లేదు, రక్షణ ఉంది. టీకా వల్ల కాదట. ఎప్పుడో జబ్బు వచ్చి, దానంతటదే పోయిందట.

"నాకెప్పుడొచ్చింది?" అంది సైకల్.

నర్సుకేం తెలుస్తుంది. ఇంటికొచ్చాక నేను చెప్పాను.

"నువ్వు కోడలిగా వచ్చిన ఏడు నీ కళ్ళు పచ్చబడ్డాయి. కొవ్వు ఎక్కువ తిన్నావనుకున్నాం. అప్పుడు కూడా మా అమ్మ నీ చేతి టీయే తాగింది."

"ముసలాయన ఏడాదికోసారి నోరు తెరుస్తాడు, అదీ నన్ను అనడానికి," అంది సైకల్.

ఆదివారం వియ్యంకులు వచ్చి కూచున్నారు. బెర్మెత్ గుమ్మం దగ్గరికే పోయింది.

"అక్కడేం చేస్తున్నావే? వీళ్ళకి టీ ఎవరు పోస్తారు, నేనా? నా మోకాళ్ళు పనికొస్తాయా?" అంది సైకల్.

బెర్మెత్ వచ్చి సమోవార్ పక్కన కూచుంది. సైకల్ అంచు విరిగిన గిన్నె చాపింది. బెర్మెత్ అడుగున కొంచెం పోసింది. సైకల్ తాగి, మళ్ళీ చాపింది.