ముత్యాలప్ప ముక్కు క్లిప్పు

ముత్యాలప్ప ముక్కుసూటి మనిషి. కానీ ఈ మధ్య ఆ ముక్కు మీద పగలూ రాత్రీ ఒక క్లిప్పు కూర్చుని ఉంటోంది. విషగాలి నిండిన గనిలోకి దిగే రెస్క్యూ జట్టువాళ్ళు వీపున ఆక్సిజన్ సంచి మోస్తారు, నోట రబ్బరు గొట్టం కరుచుకుంటారు, ముక్కుకు క్లిప్పు పెట్టుకుంటారు. పైకొచ్చాక తీసేస్తారు. ఇతను తీయడం మానేశాడు.

ఊరిగాం గనికూలీల ఇళ్ళ లైన్లలో జనం మొదట ముక్కున వేలేసుకున్నారు, తర్వాత నవ్వుకున్నారు, ఆపైన అలవాటు పడిపోయారు. అలవాటు పడనిది భార్య సొన్నమ్మ ఒక్కతే. ఆమె అవరెకాయల సారు, అంటే చిక్కుడుగింజల పులుసు, కాస్తే వాసన వీధి చివరిదాకా పోయేది, తినేవాడి ముక్కుదాకా మాత్రం పోయేది కాదు.

"ఆ క్లిప్పు తియ్యప్పా. ఆరేసిన గుడ్డలకు పెట్టేది నీ మొగానికెందుకు?"

"తీస్తే వస్తాదే."

వచ్చేది వాసన. లోపల రాయి పేలి సొరంగం కూలినప్పుడు, ఆలస్యంగా దొరికిన శవాలను మోసుకొచ్చింది ముత్యాలప్ప జట్టే. బురదలో కాలు జారి క్లిప్పు ఊడింది. ఒక్కసారి పీల్చాడు, అంతే. ఆ రోజు నుంచి ఆ వాసన ఇతనికంటే ముందే ఇల్లు చేరుతోంది. పళ్ళెంలో వడ్డించుకుంటోంది, దిండులో వాటా అడుగుతోంది. ముక్కుకు క్లిప్పు ఉంది గానీ జ్ఞాపకానికి లేదు.

ఇక కిందికి దిగలేనని, లాంతర్ల గదిలోనో మిల్లులోనో పైపని ఇమ్మని అడిగాడు. డ్యూటీలో దెబ్బ తగిలినవాడికి ఇస్తారు, కానీ దెబ్బ కనపడాలి. కాలు విరిగితే కట్టు కనపడుతుంది, చెయ్యి తెగితే కుట్టు కనపడుతుంది. మనసు విరిగినవాడు ఏం చుట్టుకుని వెళ్ళాలి? గనులు జాతీయమయ్యాయి గానీ గనివాడి జాతకం జాతీయం కాలేదు. గేటుకు పాత బోర్డు పీకి సర్కారు బోర్డు తగిలించారు, లోపల మెడికల్ బోర్డు కూర్చుంది. అది కాదంటే మళ్ళీ దిగాలి. దిగనంటే పని పోతుంది, పనితో పాటు కంపెనీ ఇల్లూ పోతుంది.

బోర్డు డాక్టరు అతని క్లిప్పు తీయించి, కళ్ళకు గంతలు కట్టి, దూది ముక్కలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాడు.

"కర్పూరం సార్. లవంగం సార్. సీమనూనె సార్. ఇది మీ వేళ్ళ సిగరెట్టు సార్."

"భేష్! నిద్ర?"

"ఆల్ రైట్ సార్!"

"తిండి?"

"ఆల్ రైట్ సార్!"

తలుపు దాటాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు. రెస్క్యూవాళ్ళకు పరీక్షలు ఎప్పుడూ ఉండేవే. ఊపిరి పట్టే పరీక్ష, బరువు మోసే పరీక్ష. తప్పితే జట్టులోంచి తీసేస్తారు. కాబట్టి ఎవరు ఏం అడిగినా ఆల్ రైట్ అనడం ఒంటికి పట్టేసింది. ఒళ్ళు ఒప్పుకోకపోయినా నోరు ఒప్పేసుకుంటుంది.

"ఫెయిలయ్యేదానికి పొయ్యి పాసై వచ్చినోడివి ఈ లోకంలో నువ్వొక్కడివేనప్పా!" అని సొన్నమ్మ నెత్తి కొట్టుకుంది. తర్వాత నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది.

సాయంత్రం జట్టు కెప్టెన్ నంజుండప్ప వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఆల్ రైట్ అని ఎందుకు చెప్పినావురా?"

"నోరు దానంతటదే చెప్పేసిందన్నా."

"సరే. సోమవారం పొగగదిలో ప్రాక్టీసు ఉండాది. నీ సంచికి బూర యాడుందో తెలుసు కదా?"

ముత్యాలప్ప తల దించుకున్నాడు. నోట్లో గొట్టం ఉన్నప్పుడు మాట రాదు కాబట్టి ప్రతి సంచికీ చేత్తో నొక్కే ఒక చిన్న బూర ఉంటుంది. ఒకసారి మోగితే 'నాకు బాగాలేదు' అని. ఒకడు మోగిస్తే జట్టంతా వెనక్కి తిరగాలి. అందుకే ఎవడూ దాన్ని ముట్టడు. కళ్ళు తిరిగి పడిపోయినా పరవాలేదు గానీ, అందరినీ వెనక్కి తిప్పినవాడు అనిపించుకోవడం ఎవడికీ ఇష్టం లేదు.

సోమవారం పొగగదిలో ఇసుక నింపిన బొమ్మను స్ట్రెచర్ మీద మోసుకుపోతున్నారు. ఇసుకకు వాసన లేదు. అయినా వచ్చింది. క్లిప్పును దాటుకుని, గొట్టాన్ని దాటుకుని వచ్చింది. నంజుండప్ప వెనక్కి తిరిగి బొటనవేలు ఎత్తి చూపాడు, ఎట్లా ఉందని. ముత్యాలప్ప బొటనవేలూ లేచింది. నాలుగడుగులు నడిచారు. కెప్టెన్ మళ్ళీ అడిగాడు. వేలు మళ్ళీ లేచింది. ఆ వేలిని ముత్యాలప్ప పొగలోంచి ఎవరిదో అన్నట్టు చూశాడు. స్ట్రెచర్ అతని వైపు ఒరిగిపోతోంది, వేలు మాత్రం నిటారుగా నిలబడి ఉంది.

దాన్ని మడిచాడు. బూర నొక్కాడు.

తప్పిపోయిన దూడ అరిచినట్టు మోగింది. జట్టు బొమ్మను దించేసి వెనక్కి తిరిగింది. ఇద్దరు అతని రెండు రెక్కలూ పట్టుకున్నారు.

బయట నంజుండప్ప గొట్టం పీకేసి చెమట తుడుచుకున్నాడు. "డ్యూటీలో, సంచి తగిలించుకోని, జట్టు ముందర బూర మోగించినాడు. ఇది దెబ్బే. రేపు బోర్డు దగ్గరికి అందరం పోయి చెప్తాం."

"వాళ్ళు ఒప్పుకుంటారా అన్నా?"

"ఒప్పుకోకుంటే మళ్ళీ పోతాం. ఇంగ ఆ సంగతి వదిలెయ్. ఇప్పుడెట్లుండాది నీకు?"

ముత్యాలప్ప బొటనవేలు సగం లేచి ఆగింది.

"బాగలేదన్నా," అన్నాడు.

ఆ ఒక్క మాటకే ఒక షిఫ్టు పని చేసినంత అలుపొచ్చింది. గోడకు జారగిలబడ్డాడు. క్లిప్పు ముక్కు మీదే ఉంది. తియ్యమని ఎవరూ అనలేదు.