దుబాయ్ నుంచి ఫోన్

పెదవుల మీద ఉప్పు. చెమట కారి, ఆరి, మిగిలిన ఉప్పు.

గల్ఫ్ ఎడారిలో, షహానియా ఎండలో గంగన్న ఒంటెలకు నీళ్లు పెడుతున్నాడు. ఊళ్లో అతనికి దినాలు కూడా అయిపోయాయి.

చచ్చింది నర్సింగ్. పక్క మంచం వాడు, ఒకే ఊరివాడు. మొన్న జూన్‌లో, మిట్టమధ్యాహ్నం, నెత్తిన గడ్డిమోపుతో కూలిపోయి మళ్లీ లేవలేదు. అందరి పాస్‌పోర్టులూ ఆఫీసులో ఒకే సంచిలో ఉంటాయి. చేతికి దొరికింది తీశారు. అది గంగన్నది.

గంగన్న పేరుతో మేకులు కొట్టిన శవపెట్టె ఊరికి వెళ్లింది. తెరవొద్దన్న కాగితం దానికి అంటించి ఉంది.

ఊరు తెరవలేదు... గుండెలు బాదుకుని, తగలబెట్టింది.

గంగన్న ఫోన్ చేస్తే సాయవ్వ — తాను తాళి కట్టిన సాయవ్వ — కెవ్వుమంది.

"ఏ మంత్రగాడు లేపిండు నిన్ను? ఎవని చేతుల ఉన్నవు? పిల్లల జోలికి రాకు, నీ కాల్మొక్కుతా!"

గొంతు గుర్తుపట్టింది. గుర్తుపట్టే భయపడింది. ఎంత అన్యాయం!

క్లినిక్‌లో నర్సు తెరెసాకు చెప్పుకుని ఏడ్చాడు. గోదావరి జిల్లా మనిషి. ఎక్కడో చదివింది చెప్పింది.

"హైతీ అని ఒక దీవి ఉందండీ. వూడూ మంత్రగాళ్లు చచ్చినోళ్లను లేపి చేలో పని చేయిస్తారని అక్కడ నమ్మకం. జాంబీలంటారు. ఉప్పు తగిలితే తెలివొచ్చేస్తుందని చప్పిడి కూడే పెడతారంట. అది మంత్రం కాదు, చేప విషం పెట్టడమనీ, ఉమ్మెత్త తినిపించడమనీ కొందరు అంటున్నారు. డాక్టర్లు పరీక్షలు చేస్తే, కొందరసలు ఆ ఇంటి మనుషులే కారంట. దారినపోయే మతిలేనోణ్ణి చూసి, మా అబ్బాయేనని తల్లులు తీసుకుపోయారంట."

గంగన్న నవ్వాడు. నవ్వు సగంలోనే ఏడుపైంది.

అక్కడ పరాయివాడు కొడుకయ్యాడు. ఇక్కడ మొగుడు దయ్యమయ్యాడు.

శుక్రవారం మళ్లీ ఫోన్. కాలింది నర్సింగ్ అని చెప్పేయాలి. చెప్పకపోతే గంగన్న అనేవాడు ఇక ఎక్కడా ఉండడు.

ఊళ్లో ఉన్నది ఒకటే బూత్. గల్ఫ్‌లో ఎక్కడి నుంచి వచ్చినా ఊరికి అది దుబాయ్ ఫోనే. దుబాయ్ ఫోన్ అనగానే ఎవరో పరుగెత్తుకొచ్చి అందుకున్నారు. స్వర్ణ. నర్సింగ్ భార్య.

"ఎవరన్నా? మా ఆయన ఉత్తరం రాక రెండు నెలలాయె. మంచిగున్నడా? తింటున్నడా?"

గంగన్న నోరు తెరిచాడు. తాను బతికున్నానంటే ఆమె మొగుడు చచ్చినట్టే. సాయవ్వ ఏడ్చిన ఏడుపంతా ఈమె మళ్లీ మొదటి నుంచి ఏడవాలి.

"అన్నా... లైన్ల ఉన్నవా? ఒక్క మాట చెప్పన్నా."

లైన్ కట్ కాలేదు. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది.