దీపాలవేళ రేడియో

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన మరుసటేడు యానాంలో దానియేలు సొంతంగా రేడియో స్టేషను పెట్టాడు. లైసెన్సు అడగాల్సినవాళ్ళు ఏ జెండాకి ఎవరు దండం పెట్టాలో ఇంకా తేల్చుకునే పనిలో ఉన్నారు గనక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సగం బతుకు ఓడల్లో వైర్‌లెస్ పని చేసి వచ్చిన మనిషి. పాత వాల్వులు, ఒక కారు బ్యాటరీ, కొబ్బరిచెట్టుకు కట్టిన రాగితీగ, అంతే సరంజామా. అదృష్టం బాగుంటే పక్కనున్న ఫరంపేట దాకా, లేకపోతే వీధి చివరిదాకా వినిపించేది.

రోజూ దీపాలవేళ మైకు ముందు కూర్చుని శ్మశానంలో ఉన్నవాళ్ళ కథలు చెప్పేవాడు. చలువరాళ్ళ కింద పడుకున్న దొరల కథలు, కలరాకి పోయిన పంతులమ్మ కథ, గోదాట్లో మునిగిన సరంగు కథ. ఇవన్నీ ఒక ఎత్తు, చెప్పాలని దాచుకున్నది ఒక్కటీ ఒక ఎత్తు. అది భార్య మరియమ్మది. ఆమె సమాధికి రాయి లేదు. పాతిన కొయ్య శిలువ వరదకు పోయింది, దిబ్బ నేలమట్టమైంది. పిల్లల్లేరు. రేపు తను కన్ను మూస్తే మరియమ్మ అనే మనిషి ఉండేదని చెప్పే నాథుడే లేడు. కనీసం ఒక్కరి చెవినైనా వెయ్యాలి, అదీ అతని బాధ.

ఒక సాయంత్రం చెప్పేశాడు. ఆమె అలిగితే గోడవైపు తిరిగి పడుకోవడం నుంచి ఆఖరి జ్వరంలో తన చెయ్యి వదలకపోవడం దాకా. చెప్పి, ఏడ్చి, స్విచ్చి కట్టేశాడు.

మర్నాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధిలోకి వెళ్ళాడు. ఎవరో ఒకరు పలకరిస్తారని ఆశ, పిచ్చి మారాజు. ఒక్కరూ పలకరించలేదు. చివరికి, ఇంట్లో రేడియో ఉన్న బియ్యం వర్తకురాలు సత్యవతమ్మ అరుగు దగ్గర ఆగి తనే అడిగాడు.

“నిన్న రేడియోలో నా మాటలు విన్నారాండి?”

“ఏ టయానండి?”

“దీపాలు పెట్టేటప్పుడండి.”

సత్యవతమ్మ చేతిలో చేట కింద పెట్టింది. “ఆ టయానికి మేం కట్టేత్తామండి. లచ్చిందేవి ఇంట్లోకొచ్చే ఏళ చావు కబుర్లేంటండీ? ఈ ఈదిలో అందరూ అంతేనండి.”

దానియేలు పోయినవాళ్ళను సాయంకాలం ప్రార్థనలో తలుచుకునే ఇంట్లో పెరిగాడు. పక్కింటి దీపం రోజూ చూస్తూ కూడా ఈ ముక్క తట్టలేదు. ఊరికి చెబుతున్నాననుకుని ఇన్నాళ్ళూ గోడకు చెప్పుకున్నాడు. ఒంటరితనం అతనికి కొత్త కాదు గానీ, ఇంత ఒంటరివాణ్ణని మాత్రం అప్పటిదాకా తెలియదు.

“నిన్న ఎవరి కతండీ?”

“మా ఆవిడదండి. మరియమ్మ.”

ఆవిడ మళ్ళీ చేట అందుకుంది. “రేపు పొద్దున్నే చెప్పండి. పొయ్యికాడ కూకుని ఇంటాను.”

పొద్దున్నే మళ్ళీ చెప్పాడు. మొదటిసారంత బాగా రాలేదు. సగం మరిచిపోయాడు. బొమ్మిడాయి చేపల పులుసులో ఆమె బెల్లంముక్క వేసే సంగతి దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు. అయిపోయాక కాళ్ళీడ్చుకుంటూ ఆ అరుగు దగ్గరికి వెళ్ళాడు.

సత్యవతమ్మ చూడగానే అందుకుంది. “బొమ్మిడాయిల్లో బెల్లమేంటండీ? మరియమ్మగారికి పులుసు పెట్టడం రాదనుకుంటాను.”

ఆ పేరు మరొకరి నోట విని ఎన్నేళ్ళయిందో. దానియేలు అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

“రాకపోవడమేంటండీ, మీకేం తెలుసు,” అంటూ పెళ్ళాం తరఫున దెబ్బలాటకు దిగాడు.