బియ్యం డబ్బాలో పిస్టలు

నాలుగుసార్లు నొక్కినా లైటరు వెలగలేదు. సూరమ్మ దాన్ని ఎడమ అరచేతిలో రెండు దెబ్బలు తట్టి, మూతిని బర్నరుకు ఆనించి, బొటనవేలితో ఐదోసారి నొక్కింది. మంట గుప్పుమంది. ఆ ఇంట్లో ఆ లైటరు ఆమె మాటే వింటుంది. యజమానురాలు సత్యశ్రీగారు ముట్టుకుంటే పాతిక టిక్కులకు కూడా నిప్పురవ్వ రాల్చదు.

"కొత్తది కొనండమ్మగారూ" అంటే, "నీకు వెలుగుతోంది కదా సూరమ్మా" అంటారావిడ. వెలగని వస్తువులన్నీ ఆ ఇంట్లో సూరమ్మ చేతిలో వెలగాల్సిందే.

ఒక పొయ్యి మీద కందిపప్పు, ఇంకో పొయ్యి మీద చింతచిగురు రొయ్యలు. కొరమేను ముక్కలు ఉప్పూ పసుపూ పట్టించుకుని పళ్ళెంలో వంతు కోసం చూస్తున్నాయి. ఇంత వంటా చుట్టాల కోసం కాదు. యజమాని ఉదయభాస్కర్‌గారి పిస్టలు ఆ రోజు ఇంటికొస్తోంది.

ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సున్న తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. ఓట్లు లెక్కపెట్టాక తిరిగి ఇస్తారు. పురిటికి వెళ్ళిన కోడలు బిడ్డతో తిరిగొచ్చినా ఆ ఇంట్లో అంత హడావుడి జరగదు. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. దేవుడి గదిలో ఇత్తడి పళ్ళెంలో పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. చెక్కలు పచ్చడికి పనికొస్తాయని సూరమ్మ తీసి పక్కన పెట్టింది.

ఈ మూడు నెలలే ఆమె నిబ్బరంగా వంట చేసింది. ఎందుకంటే మిగతా రోజుల్లో పిస్టలు ఉండేది వంటింట్లో, బియ్యం డబ్బాలో.

నరసాపురం పక్క పల్లె అది. చుట్టూ రొయ్యల చెరువులు, ఆ పైన సముద్రపు గాలి. తలుపు గడియల దగ్గర్నుంచి సైకిలు చువ్వల దాకా అన్నీ తుప్పు పడతాయి. నీళ్ళలో పడిన ఫోను బియ్యంలో పెడితే బతికిందని ఎవరో చెప్పారు. ఉదయభాస్కర్‌గారికి అదే సైన్సైపోయింది. పిస్టలుని లేసు గుడ్డలో చుట్టి యాభై కిలోల స్టీలు డబ్బాలో పాతేశారు. నరసాపురం లేసు, అందమైన పువ్వుల అల్లిక. అల్లికంటేనే సగం కన్నాలు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. దొంగలు వంటింట్లోకి రారన్నది ఆయన సిద్ధాంతం. వంటింట్లో సూరమ్మ ఉంటుందన్నది ఆ సిద్ధాంతంలో ఎక్కడా లేదు.

ఐదేళ్ళుగా రోజుకి రెండు పూటలా ఆమె తవ్వ ముంచి బియ్యం తీస్తోంది. తవ్వ అంచు ఇనుముకి తగిలి ఠక్కుమన్నప్పుడల్లా చెయ్యి వెనక్కి తీసుకుని పక్కనుంచి ముంచేది. "గుళ్ళున్నాయాండి అందులో?" అని ఒకసారి అడిగింది. "తీసేశాలే" అన్నారు. ఇంకోసారి అడిగితే "తీసేసే ఉంటాను" అన్నారు. మూడోసారి అడగలేదు.

పన్నెండు దాటాక ఇద్దరు మిత్రులు వచ్చారు. ఒకరు బావమరిది వరస తాతాజీగారు. తండ్రిగారి పాత రివాల్వరు నడుముకి కట్టుకునొచ్చారు. ఇంకొకరు రైసు మిల్లు సుకుమార్‌గారు. ఆయన పిస్టలు కొత్తది. పెట్టెలోంచి ఇంకా నూనె వాసన పోలేదు. ముగ్గురూ భోజనాల బల్ల మీద మూడిటినీ పక్కపక్కన పెట్టుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత తేరిపార చూడరు.

"ట్రిగ్గరంటే నాది బావా. వెన్నపూస మీద వేలు పెట్టినట్టుంటుంది" అన్నారు ఉదయభాస్కర్.

"వెన్నపూసైతే ఆవకాయన్నంలో కలుపుకో. నాన్నగారి రివాల్వరు చూడు, బోరింగు కొట్టినంత బలం పెట్టాలి. కానీ ఎప్పుడు లాగినా పలుకుద్ది. పిస్టల్ని నమ్మకూడదు, ఇరుక్కుపోద్ది."

"ఎన్నిసార్లు లాగారేంటండి ఇప్పటిదాకా?" సుకుమార్ అడిగారు.

"ఒకసారి. మా చెల్లి పెళ్ళిలో."

"పేలిందా?"

"పేలకేం? షామియానాకి బెజ్జం పడింది. వాన కురిస్తే సరిగ్గా పురోహితుడి నెత్తి మీద."

పగలబడి నవ్వుకున్నారు. సూరమ్మ విస్తళ్ళు వేసి పప్పు వడ్డిస్తోంది. తుపాకుల మధ్యలో నెయ్యిగిన్నెకి చోటు చూసి పెట్టింది.

"చూపిస్తానుండండి, ఖాళీదే" అని ఉదయభాస్కర్ పిస్టలు తీసి ఎదుటి గోడ మీది కేలండరు వైపు పెట్టారు. రొయ్యల గిన్నె పట్టుకుని సరిగ్గా అటే వస్తున్న సూరమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"రా, రా, నీకేం కాదు. ఖాళీదే అన్నానుగా."

ఆమె రాలేదు. ఆయన వేలు బిగించారు. ఏమీ కాలేదు. ఇంకా బిగించారు. పైభాగాన్ని వెనక్కి లాగబోయారు. సగం దాకా వచ్చి కరకరమని ఆగింది. మూడు నెలలు స్టేషన్లో ఉన్నా వదలని తెల్లటి తవుడు మంచినీళ్ళ గ్లాసు పక్కన రాలింది. ఆ వెనకాలే గొట్టం మూతిలోంచి ఒక ముక్కపురుగు బయటికొచ్చింది. నల్లగా, నింపాదిగా, బల్ల అంచు దాకా నడిచి, ఎటు వెళ్ళాలో ఆలోచించుకుంటున్నట్టు ఆగింది.

తాతాజీగారు కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వారు. "గుండు వస్తుందనుకుంటే పురుగొచ్చిందేంటి బావా! ప్రాణాలతోనే పట్టుకున్నావు!"

"మా మిల్లు బియ్యం కాదు కదండీ?" అన్నారు సుకుమార్.

"మీ మిల్లువే" అంది సూరమ్మ.

ఉదయభాస్కర్‌గారి మొహం కందగడ్డలా అయింది. "బియ్యం జల్లించుకోడం కూడా చేతకాదా నీకు? వస్తువు విలువ తెలుసా? ఎప్పుడన్నా దాన్ని తీసి దులిపావా?"

ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నది కూడా ఆయనే. సూరమ్మ గిన్నెతో బల్ల దగ్గరికొచ్చి రొయ్యల్లో గరిటె తిప్పింది. పెద్దింట్లో వంట చేసే మనిషికి నోరు ఉండేది రుచి చూడ్డానికి మాత్రమే.

"ఆవిణ్ణేం అనకు బావా" తాతాజీగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆవిడ లేకపోతే నీకీ లైసెన్సెక్కడిది? నాన్నగారి రివాల్వరు నా పేరు మీదికి మార్పించుకోడానికే నాకు మూడేళ్ళు పట్టింది. నీకు గంగయ్య పుణ్యమా అని ఏడాది తిరక్కుండా వచ్చేసింది."

ఉదయభాస్కర్ కళ్ళతో సైగ చేశారు. తాతాజీగారు ఆవకాయ మీద పడ్డారు.

సూరమ్మ చేతిలో గరిటె రొయ్యల్లో దిగబడి ఆగింది. గంగయ్య ఆమె మొగుడు. ఈ ఇంటివారి మూడో చెరువు మీద కాపలా ఉండేవాడు. ఆరేళ్ళ క్రితం, నీళ్ళని చిలికే ఏరియేటరు ఆగిపోతే చూడబోయి చచ్చిపోయాడు. తోలు ఊడిన వైరు. దానికి చుట్టిన టేపు కూడా ఊడిపోయిందని నాలుగుసార్లు చెప్పాడు, "చూద్దాంలే" అన్నారు. దినవారాలయ్యాక ఒక కాగితం తెచ్చారు. "ఊరికే గొడవల్లేకుండా" అన్నారు. ఆమె వేలిముద్ర వేసింది. ఆ నెలలోనే జాలిపడి వంటింట్లో పెట్టుకున్నారు. జాలి అని ఊరంతా అంది. ఆమె కూడా అంది.

గిన్నె బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళింది. చేపల పులుసు సత్యశ్రీగారే వడ్డించారు.

మిత్రులు వెళ్ళాక ఉదయభాస్కర్‌గారు పిలిచారు. బల్ల మీద ఒక కాగితం, స్టాంపు ప్యాడు. కోపం పోయి గొంతు మెత్తబడింది.

"రేపు పిస్టలు లైసెన్సు ఎంక్వైరీకి వస్తారు సూరమ్మా. రెన్యువలు. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఏంటండి ఇది?"

"అప్పుడు వేశావు కదా, అదే."

"చదవండి బాబుగారూ."

"ఎందుకే, నీకర్థం కాదు."

"చదవండి. తెలుగే కదా."

ఆయన సత్యశ్రీగారి వంక చూశారు. ఆవిడ గోళ్ళు చూసుకుంటున్నారు. గొంతు సవరించుకుని గబగబా చదివారు. చెరువుల మీదికి దొంగలు వచ్చిరని, వారిని తరుముతూ తన భర్త గంగయ్య చెరువులో పడి మరణించెనని, దొంగల భయం నేటికీ కలదని, యజమానిగారి ప్రాణరక్షణకు ఆయుధం అవసరమని తాను ఎరుగుదునని.

ఐదేళ్ళుగా ఆమె తవ్వకి తగులుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. తన మొగుడి చావు పెట్టి కొన్న ఇనుప ముక్క. దాని చుట్టూ చెయ్యి తిప్పుకుంటూ రోజూ రెండు పూటలా ఆ ఇంటికి అన్నం వండింది. అది తుప్పు పట్టకుండా కాపలా కూడా కాసింది. గంగయ్య చెరువుకి కాస్తే, తను దానికి.

"మా ఆయన్ని దొంగలు చంపలేదండి" అంది. గొంతు పెద్దది కాలేదు, అయినా పక్కగదిలోకి కూడా వినపడింది. "మీ వైరు చంపింది. ఆయన అరచెయ్యి నేను కడిగానండి. తోలంతా నా చేతికొచ్చింది. దొంగలు అరచేతులు కాలుస్తారాండి?"

"గట్టిగా అరవకు. అప్పుడు వేలిముద్ర వేసింది నువ్వే. అబద్ధమంటే కేసు నీ మీదే పడుద్ది, తెలుసా?"

"పడనివ్వండి. వైరుకి టేపు చుట్టడానికి మనిషి దొరకలేదు మీకు. పిస్టలుకి లేసు చుట్టడానికి దొరికారు."

"సూరమ్మా!" అన్నారు సత్యశ్రీగారు, ఇద్దరిలో ఎవర్ని ఆపాలో తెలియక.

"రేపు వచ్చినాయన్ని నన్నడగమనండమ్మగారూ. రేవు దాటితే సఖినేటిపల్లిలో మా చెల్లెలిల్లు. తలుపులమ్మ ఇల్లంటే ఎవరైనా చెబుతారు. ఆయన రాకపోతే నేనే వస్తాను స్టేషన్‌కి. ఈసారి మొత్తం చెప్పాకే వేలు పెడతాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి గట్టు తుడిచింది. అంట్లు కడగలేదు. ఆ ఇంట్లో ఆరేళ్ళలో ఆమె వదిలేసిన మొదటి అంట్లు అవి. డబ్బా మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు వినపడ్డాయి. చీరలు రెండూ సంచిలో పెట్టుకుని పెరటి దారిన బయటికొచ్చేసింది. నాలుగింటి పంటు మీద గోదావరి దాటుతుంటే ఎవరో "ఏంటి సూరమ్మక్కా, పనిరోజున వచ్చేస్తున్నావు?" అని పలకరించారు. "ఎంక్వైరీ ఉందమ్మా" అంది.

సాయంత్రం సత్యశ్రీగారు కాఫీ పెట్టబోతే లైటరు కనపడలేదు. గట్టు మీద లేదు, సొరుగులో లేదు. పనిమనిషిని దొంగ అనడానికి నోరు తెరిచి, ఆ మాట ఆ ఇంట్లో ఎంత ఖరీదైనదో గుర్తొచ్చి మూసుకున్నారు. అంతలో ఉదయభాస్కర్‌గారు పిస్టలు దులుపుకుని, దాని చోట దాన్ని పెట్టడానికొచ్చి డబ్బా మూత తీశారు. మోచేతి దాకా చెయ్యి పోనిచ్చారు. వేళ్ళకి లేసు తగిలింది. లోపల గట్టిగా ఏదో ఉంది. చేతిలో ఉన్న పిస్టలు వంక ఒకసారి, డబ్బా వంక ఒకసారి చూసుకుని పైకి లాగారు.

పువ్వుల అల్లికలో పొందిగ్గా చుట్టిన గ్యాస్ లైటరు. మూతి దగ్గర మసి, ఒంటి నిండా తవుడు, నొక్కే చోట ఆరేళ్ళ ఒరిపిడికి పడిన చిన్న గుంట, సరిగ్గా ఒక బొటనవేలంత.