పుష్ప బదులు పత్తి చేలో

దగ్గరికి జరిగి కూర్చోండి, ఎండ ఇటు తిరిగేలోపు చెప్పేస్తాను. ఇది మన వేంసూరు ఆడపిల్లల ఆట కథ. అయితే ఇందులో ఆటకంటే పత్తి చేనే ఎక్కువ ఉంటుంది, ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనకండి.

చర్చి వెనక ఇంట్లో సంపూర్ణమ్మ ఉంటుంది. ఆమె మనవరాలు జెస్సికా తొమ్మిదో తరగతి. బడిలో ఆటలు నేర్పే ప్రభు సారు జెస్సికాకూ తోటి ఆడపిల్లలకూ ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్ నేర్పించాడు. పేరుకు ఫుట్‌బాలే గానీ కాలితో తన్నొచ్చు, చంకన పెట్టుకుని పరుగెత్తొచ్చు, పిడికిలితో గుద్ది పక్క పిల్లకు అందించొచ్చు. బంతి కోలగా పండు దోసకాయలా ఉంటుంది. నేలను తాకిందంటే ఏ దిక్కుకు ఎగురుతుందో దానికే తెలియదు. ఆ చివర నాలుగు గుంజలు పాతుతారు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు, పక్క సందులో నుంచి పోతే ఒకటి. గురి తప్పినా ఒకటి ఇస్తారా, ఎవరో దయగల మారాజులే ఈ ఆట కనిపెట్టారని సంపూర్ణమ్మ మెచ్చుకుంది.

అంతకుముందు ఆ బడి జట్టంటే చుట్టుపక్కల హడలు. కప్పుల మీద కప్పులు తెచ్చారు. ఆ పెద్దపిల్లలంతా పరీక్షలు పాసై ఖమ్మం కాలేజీలకు పోయారు. మొన్నటిదాకా వాళ్లకు నీళ్ల సీసాలు మోసిన బుడ్డపిల్లలే ఇప్పుడు జట్టయ్యారు. ఇంకేముంది, సత్తుపల్లిలో ఓడారు, మధిరలో ఓడారు, సొంత మైదానంలో అందరి ముందూ ఓడారు. సంపూర్ణమ్మ మాత్రం పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని ప్రతి ఆటకూ ట్రాలీ ఆటోలో వెంట పోయేది. ఓడి వచ్చిన పిల్లల మొహాలు తన కొంగుతోనే తుడిచేది. గెలిచి ఉంటే బాగుండేదన్న మాట ఆమె నోట ఒక్కనాడూ రాలేదు. నువ్వు పడ్డావు గానీ బంతి వదల్లేదు, నువ్వు అవతలి పిల్లను లేపి నిలబెట్టావు, అని ఒక్కొక్కరికీ తాను చూసింది చెప్పేది.

చాయ్ కొట్టు బొజ్జయ్య ఊరుకుంటాడా.

"ఏం సంపూర్ణమ్మా, ఈసారి ఆట ఎంతకు అమ్ముకొచ్చిన్రు?"

"నువ్వు పాలల్ల నీళ్లు పోసుడు మానిన్నాడు మావోళ్లు గెలుస్తరు తియ్" అని ఆమె తన చాయ్ తాను తాగి లేచింది.

ఇట్లా నడుస్తుండగా పత్తి పగిలే కాలం వచ్చింది. జట్టులో పుష్ప అని తండా పిల్ల ఉంది. గాలిలో ఉన్న బంతిని ఎగిరి పట్టడంలో ఆ పిల్లను మించినవాళ్లు లేరు. తండ్రి హాతీరాంకు పాల్వంచలో షిఫ్టు పని, వారానికొకసారి వస్తాడు. చేనంతా తల్లి రూప్లి చేతుల మీదే. మబ్బు చూస్తే నల్లగా ఉంది. పగిలిన పత్తి తడిస్తే రంగు పోతుంది. పుష్ప ఇక ఆటకు రాదని రూప్లి తేల్చి చెప్పేసింది. ప్రభు సారు వెళ్లి బతిమాలి, వెళ్లిన దారినే తిరిగొచ్చాడు. మైదానంలోకి తొమ్మిది మంది దిగాలి. పుష్ప లేకపోతే ఎనిమిది మందే. శనివారం పాల్వంచ పిల్లలతో ఆట. దిగలేకపోతే ఈ ఏటికి జట్టు పేరు తీసేస్తారు. ఒకసారి చెదిరిన పిల్లలను మళ్లీ కూడగట్టడం అయ్యేపని కాదు.

సంపూర్ణమ్మ ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకుని తండాకు నడిచింది.

రూప్లి ఆమెకు మంచం వాల్చి నీళ్లిచ్చింది, మర్యాదకు తక్కువ చేయలేదు. కానీ ఉన్న మాట ఉన్నట్టే అడిగింది. "గెలిచే ఆటైతే ఒక పూట పోనీ అనుకుందును పెద్దమ్మా. ఓడేదానికి గూడ పని చెడగొట్టుకోవాల్నా?"

సంపూర్ణమ్మ తెల్లటి చేను వైపు చూసింది. మన వైపు బదులు పని ఉంది కదా. ఇవాళ నేను నీ చేలోకి వస్తాను, రేపు నువ్వు నా చేలోకి వస్తావు. రూపాయి ముట్టరు, పనికి పనే తీరుతుంది.

"శనివారం పుష్ప బదులు నేనొస్త."

రూప్లికి నవ్వొచ్చింది. "నీకు చేను లేకపాయె. మళ్ల ఆ బదులు మేమెట్ల తీర్చాలె?"

"నీ బిడ్డ పోయి ఆడుడే నాకు బదులు."

ఇట్లాంటి బదులు రూప్లి ఎన్నడూ వినలేదు. అయినా అడిగి వచ్చిన పెద్దామెను కాదనలేకపోయింది. ఈ ఒక్కసారికే అంది.

శనివారం పిల్లల ఆటో అటు పోయింది, సంపూర్ణమ్మ ఇటు చేలోకి దిగింది. ఆమె చూడని మొదటి ఆట అదే. ఒడి కట్టుకుని సాలు పట్టింది గానీ ఆ వయసులో నడుము వంగుతుందా. ఎండిన పత్తికాయ డొప్పల మొనలు వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. రూప్లి తన సాలు ముగించి ఎదురొచ్చి ఈమె సాలూ అందుకుంది. పనిచేసే చోట నోరు ఊరుకోదు కదా, అసలు అక్కడ ఏం చేస్తారని అడిగింది. కన్నతల్లి ఒక్క ఆటా చూడలేదు మరి. సంపూర్ణమ్మ మొదలుపెట్టింది. సత్తుపల్లిలో ముగ్గురు పొడుగు పిల్లలు ఒక్కసారే ఎగిరితే వాళ్ల భుజాల మీదుగా పుష్ప చేతులు ఎలా లేచాయో, కింద పడి కూడా బంతిని పొట్టకు ఎలా అదుముకుందో, వానలో, బురదలో, ఒక్కటీ విడవకుండా చెప్పింది. వింటూ వింటూ రూప్లి చేతులు నెమ్మదించాయి.

"ఓడే పిల్లల కోసం నీకెందుకు పెద్దమ్మా ఇంత తండ్లాట?"

"మా జెస్సికా ఎట్ల ఉండేదో నీకెరుకలేదు. గోడకు ఆనుకుని నిలబడే పిల్ల, నోరు తెరిచి ఒకర్ని పిలిచింది లేదు. ఇప్పుడు మైదానంల 'పుష్పా, ఇటు, ఇటు' అని అరుస్తది, బజారు దాక ఇనొస్తది. నీ బిడ్డను పిలిచి పిలిచి దానికి గొంతొచ్చింది. అందుకు నేను దేవునికి మొక్కిన. నీకు మొక్కలేదు గద, అందుకే వచ్చిన."

రూప్లి ఈమె ఒడిలోని పత్తిని తన గోతంలోకి ఒంపుకుంది.

పొద్దు వాలుతుండగా ఆటో చేని గట్టు దగ్గరే ఆగింది. పిల్లల నడకే చెప్పింది, పాల్వంచ వాళ్లు గెలిచారని. పుష్ప ఆట బట్టల్లోనే తల్లి ముందుకొచ్చి తల దించుకుని నిలబడింది.

"యాడీ, ఓడిపోయినం."

తల్లి ఆ మాట పట్టించుకోలేదు. "బంతి పట్టినవా?"

"పట్టిన."

"ఎంత ఎత్తుల?"

పుష్ప చెయ్యి పైకి లేపింది. చాలలేదని మడమలెత్తి మళ్లీ లేపింది. రూప్లి ఆ వేలి కొసదాకా తలెత్తి చూసింది.

ఎవరూ చెప్పకుండానే తక్కిన ఎనిమిది మందీ సాళ్లలోకి దిగారు. పత్తి తీయడం రాని చర్చి వీధి పిల్లలు సగం ఆకులే ఏరారనుకోండి. పుష్ప తిడుతూ ఆకులు ఏరిపారేసింది. చీకటి పడకముందే ఆ రోజుకు తీయాల్సింది అయిపోయింది.

గోతం మూతి కడుతూ రూప్లి వచ్చే ఆట ఎక్కడని అడిగింది. ఖమ్మంలో అన్నారు.

"పొద్దుగాల్నే అందరొచ్చి తలా ఒక సాలు తీసి పోండ్రి. మిగిలింది నేను చూసుకుంట" అని పిల్లలకు చెప్పి, సంపూర్ణమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఈసారి నువ్వు గూడ ఆటోల పో. నువ్వు చూసొచ్చి చెప్తేనే నాకు కండ్లకు కట్టినట్టుంటది."

సంపూర్ణమ్మ పోయింది. పిల్లలు ఖమ్మంలోనూ ఓడారు. ఆమె ఆటో దిగి నేరుగా తండాకు పోయి, రూప్లి పొయ్యి పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పింది.

ఇదీ సంగతి. మీ పిల్లలకు చెప్పండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. ఒక్కటే అడుగుతున్నాను. చెప్పేటప్పుడు జాలిపడి చివర్లో వాళ్లను గెలిపించకండి. ఓడారనే చెప్పండి. తొమ్మిది మందీ దిగారన్నది మాత్రం మరిచిపోకండి.